మళ్లీ పొక్కిన అంబాసిడర్: తుప్పు పోయింది, ఉప్పు పోలేదు

ఇది పెద్ద కేసేం కాదు. ఇంజిన్ నడుస్తోంది, మోడల్ అరుదైనదీ కాదు, ఓనరు అడిగిందల్లా పెయింటు మీద పొక్కులు పోగొట్టమని. అయినా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే పాత కార్లు బాగుచేసే మా లైన్‌లో చాలామంది నమ్మే మాట ఒకటుంది, రేకు తెల్లగా వచ్చేదాకా గీకితే తుప్పు పని అయిపోయినట్టేనని. ఈ బండి దగ్గర ఆ మాట చెల్లలేదు. ఒక్కో దశలో ఏం ఆలోచించి ఏం చేశామో రాస్తే సముద్రం పక్క ఊళ్లలో పాత బండ్లు పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుంది. ఓనరు ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను. ఇంతకుముందు పని చేసిన షెడ్డు పేరూ రాయను, వాళ్లు చేసింది ఊళ్లో అందరూ చేసే పద్ధతే.

బండి సంగతి

1970ల చివర్లో కొన్న అంబాసిడర్ మార్క్ 3, 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, విశాఖపట్నంలో బీచ్‌కి దగ్గరున్న ఇల్లు. కొన్నది ఓనరు గారి నాన్నగారు. ఓనరు గారు రిటైరైన టీచరు, నేను మేడమ్ అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. నాన్నగారు ఉన్నన్నాళ్లూ రోజూ తిరిగిన బండి ఆయన పోయాక పోర్టికోలో ఉండిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికొచ్చినప్పుడు పోర్టికో పైరేకులు ఎగిరిపోయి, సముద్రం మీంచి వచ్చిన ఉప్పు తుంపరంతా బండి మీదే పడింది. కరెంటూ నీళ్లూ లేని ఆ రోజుల్లో బండి కడగాలని ఎవరికి గుర్తుంటుంది? తర్వాత ఎవరో చెబితే ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పారు, అది ఏళ్ల తరబడి అలాగే ఉంది. నష్టంలో తుఫాను వాటా ఎంత, టార్పాలిన్ వాటా ఎంత అని ఎవరైనా అడిగితే నేను టార్పాలిన్‌కే ఎక్కువ వేస్తాను. రాత్రి చెమ్మ కిందనుంచి లోపలికి చేరుతుంది, పొద్దున ఎండకి ఆవిరై పైకి లేచి మళ్లీ రేకు మీదే దిగుతుంది, గాలి ఆడదు, ఆరదు.

అంబాసిడర్‌కి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే సిల్ బాక్సులు ఆ మోతలో ముఖ్యమైనవి. రెండు మూడు రేకులు మడిచి అంచుల దగ్గర స్పాట్ వెల్డింగ్‌తో కలిపిన మూసిన డబ్బాలవి, లోపల పెయింటు ఉండీ లేనట్టే ఉంటుంది, లోపలికి చేరిన నీళ్లు పోవడానికి అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. ఈ కేసులో ఆ రంధ్రాలన్నీ తారు కోటింగు కింద మూసుకుపోయి ఉన్నాయి.

సమస్య ఏమని వచ్చారు

నా దగ్గరికి రావడానికి ఏడాది ముందు మేడమ్ బండిని వేరే షెడ్డులో ఇచ్చి ఫుల్ బాడీ పెయింటు చేయించారు. డెలివరీ రోజున చాలా బాగుందట. ఒక్క వానాకాలం గడిచేసరికి డోర్ల అడుగు అంచుల్లో, చక్రాల పైన ఉండే వంపుల్లో, డిక్కీ మూత కింది మడతలో బుడగలు లేచాయి, సిల్ అతుకుల్లోంచి గోధుమ రంగు చారలు కారాయి. ఆ షెడ్డువాళ్లని అడిగితే సముద్రం గాలికి ఇంతేనన్నారు. మేడమ్ అనుమానం మాత్రం పెయింటు మీద. "చవక పెయింటు కొట్టేశారేమోనండీ, మంచి కంపెనీది కొట్టండి, డబ్బు గురించి చూడకండి" అన్నారు.

పెయింటు చెడ్డదైతే పైకప్పు మీద, బానెట్ మీద కూడా తేలాలి. ఎండ దెబ్బ ఎక్కువ తగిలేది అక్కడే. అవి రెండూ శుభ్రంగా ఉన్నాయి. పాత ఫోటోలు తెప్పించి చూస్తే, పెయింటుకి ముందు తుప్పు ఎక్కడెక్కడ ఉందో సరిగ్గా అక్కడే పొక్కులు లేచాయి. సముద్రపు గాలి బండి మొత్తానికి తగులుతుంది కాబట్టి షెడ్డువాళ్ల మాట కూడా పూర్తిగా నిజం కాదు. అంటే తప్పు పైపూతలో లేదు, కింద ఏదో మిగిలింది.

వెనక డోరు అడుగున ఒక బుడగని సూదితో గుచ్చాను. చిన్న చుక్క బయటికొచ్చింది. దాని మీద పీహెచ్ పేపరు పెడితే ఆమ్లం వైపు రంగు మారింది. బుడగ తొక్క తీస్తే కింద ఎర్రగా లేదు, నల్లగా తడిగా ఉంది, గాలి తగిలాక చూస్తుండగానే నారింజ రంగుకి తిరగడం మొదలైంది. మామూలు తుప్పు అలా చేయదు. గాలి అందని చోట, ఉప్పు ఉన్న చోట, లోపల్లోపల తినే తుప్పు అలా ఉంటుంది.

ముందు షెడ్డులో పని చేసిన కుర్రాడితో మాట్లాడితే మిగతా కథ తెలిసింది. తుప్పు మీద బాత్రూము యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, పోసి బ్రష్షుతో రుద్దారు. బోరు నీళ్లతో కడిగారు. ఆరాక రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద పుట్టీ, ఆ తర్వాత తడిపి నున్నగా రుద్దే వాటర్ పేపరు పని, అది కూడా అదే బోరు నీళ్లతో. బీచ్ దగ్గర బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తెలుస్తాయి.

ఉప్పు ఏం చేస్తుంది

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ తప్పదు. రేకు మీద తుప్పు సమంగా పట్టదు, గుంటలు పడుతుంది. ఆ గుంటల అడుక్కి క్లోరైడ్ చేరుతుంది, అది తుఫాను తెచ్చిన ఉప్పుదైనా, యాసిడ్‌దైనా, బోరు నీళ్లదైనా ఒకటే. అక్కడ అది ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడ్ అవుతుంది, ఆ ఐరన్ క్లోరైడ్ చెమ్మతో కలిసినప్పుడు కొంత ఆమ్లం మళ్లీ పుడుతుంది, అది ఇంకాస్త ఇనుముని తింటుంది. ఈ గొడవలో క్లోరైడ్ ఖర్చైపోదు, తన పని చేసి మళ్లీ ఖాళీగా నిలబడుతుంది. కడిగి బయటికి పంపితే తప్ప అది పోదు.

దాని మీద పెయింటు కొడితే ఏమవుతుంది? పెయింటు పొర నీళ్లని ఆపుతుంది గానీ నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే పొర కింద ఉన్న ఉప్పు కూడా తేమని లాక్కుంటుంది, అక్కడ ద్రవం చేరి పొరని పైకి లేపుతుంది. మేడమ్ చూపించిన బుడగలు ఇవే. ఎంత మంచి కంపెనీ పెయింటైనా దీనికి జవాబు కాదు. ఈ సంగతి మేడమ్‌కి చెప్పి, ముందు ఇది నిజంగా ఉప్పేనా కాదా తేల్చుకుందాం, ఆ తర్వాతే డబ్బు ఖర్చు పెడదాం అన్నాను.

పరీక్ష

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో చేసిన సాల్ట్ అనాలిసిస్ గుర్తుందా? క్లోరైడ్‌కి సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం. అదే పరీక్ష. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో దూది తడిపి, గీకిన గుంటల మీద నొక్కి కాసేపు ఉంచి, ఆ నీటిని టెస్ట్ ట్యూబులోకి పిండాలి. ఒక చుక్క పలచటి నైట్రిక్ యాసిడ్, ఆ తర్వాత రెండు మూడు చుక్కల సిల్వర్ నైట్రేట్. పక్కన ఇంకో ట్యూబులో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి అవే చుక్కలు వేసి, రెండూ నల్ల కాగితం ముందు పట్టుకుని పోల్చాలి. నైట్రిక్ యాసిడ్ చుక్క మానేయకూడదు, ముందు సోడాతో కడిగిన చోటైతే కార్బొనేట్ కూడా తెల్లగా వచ్చి మోసం చేస్తుంది. చేతికి గ్లోవ్స్ లేకపోతే సిల్వర్ నైట్రేట్ మరకలు మర్నాటికి నల్లగా తేలతాయి, సబ్బుకి పోవు.

ఈ బండి వెనక డోరు నుంచి పిండిన నీళ్లు పలచటి మజ్జిగ రంగుకి వచ్చాయి. షెడ్డులోని బోరు నీళ్లు పరీక్షిస్తే అవీ తెల్లబడ్డాయి. పైకప్పు మీద బాగున్న చోట నుంచి తీసింది మాత్రం దాదాపు తేటగానే ఉంది. ఇక అనుమానం లేదు.

ఏవి సరిపోలేదు

అప్పటికి వానలు మొదలవుతున్నాయి. ఎపాక్సీ ప్రైమర్, అంటే పెయింటు కింద రేకుకి నేరుగా కొట్టే గట్టి పూత, ఆ పని ఎలాగూ చెమ్మ తగ్గాక చలికాలంలోనే పెట్టుకోవాలి, కాబట్టి ఈ మధ్యలో పద్ధతులు పోల్చి చూసుకునే తీరిక దొరికింది. ఆ వెనక డోరునే విప్పి, దాని అడుగు భాగాన్ని మూడు ముక్కలుగా గీతలు పెట్టుకున్నాం.

మొదటి ముక్కలో గ్రైండర్‌కి వైర్ కప్పు వేసి రుద్ది, దాని మీద రస్ట్ కన్వర్టర్ పూసి, ఆరాక ఎపాక్సీ. కన్వర్టర్లలో ఎక్కువగా ఉండేవి టానిక్ యాసిడ్, ఫాస్ఫారిక్ యాసిడ్. గట్టిగా అంటుకుని ఉన్న పలచటి తుప్పుని నల్లటి పొరగా మార్చడంలో అవి బాగానే పని చేస్తాయి, నేనూ వాడతాను. కానీ పైపొర మారుతుంది తప్ప గుంట అడుక్కి అవి చేరవు. ఇంకో సంగతి, వైర్ కప్పు చేసేది చాలావరకు పాలిష్. గుంట నోరు మూసేసి పైన మెరుపు తెస్తుంది, చూసినవాడికి తుప్పు పోయిందనిపిస్తుంది.

రెండో ముక్కలో బ్లాస్టింగ్, అంటే గాలి ప్రెషర్‌తో గరుకు గింజల్ని రేకు మీదికి కొట్టడం. మామూలు ఇసుక కాదు, గార్నెట్. ఇసుకతో కొట్టేవాళ్లకి ఊపిరితిత్తులు పోతాయి, సిలికోసిస్‌కి మందు లేదు, తక్కువ ఖర్చని ఇసుక పెట్టే షెడ్డుకి నేను పని ఇవ్వను. గార్నెట్ అంటే మన ఉత్తరాంధ్ర తీరంలో ఇసుకలో ఎర్రగా కనిపించే గింజే, బ్లాస్టింగ్‌కి జల్లెడ పట్టి అమ్ముతారు. గాజువాక ఆటోనగర్ వైపు ఇండస్ట్రీ పనులు చేసేవాళ్లు ఉంటారు, వాళ్లకి అలవాటైన ప్రెషర్ కారు రేకుకి చాలా ఎక్కువ. తగ్గించమని పక్కన నిలబడి చెప్పాలి, నాజిల్‌ని ఏటవాలుగా పట్టించాలి. మడతలూ అంచులూ తట్టుకుంటాయి గానీ చదునుగా ఉండే డోర్ పై రేకు, బానెట్, పైకప్పు ఉబ్బిపోతాయి, ఆ ఉబ్బు సరిచేయడం తుప్పు తీయడం కంటే కష్టం. అందుకే అడుగు అంచుల వరకే కొట్టించాం.

సాయంత్రానికి రేకు బూడిద రంగు తెలుపులో, ఎక్కడా మచ్చ లేకుండా వచ్చింది. మా పెయింటర్ మేస్త్రీ వెంటనే ప్రైమర్ కలపబోయాడు, నేనే ఆపి సగం వదిలేయమన్నాను. పొద్దున్నకి ఆ వదిలేసిన సగంలో గుంటల అడుగున ముదురు చుక్కలు.

"గాలి చెమ్మకి వచ్చాయి సార్, ఒక్క రౌండు మళ్లీ కొడితే పోతాయి" అన్నాడు మేస్త్రీ.

"చెమ్మకైతే రేకంతా రావాలి కదా మేస్త్రీ. చదునుగా ఉన్నచోట రాలేదు, గుంటల్లోనే ఎందుకొచ్చాయి?"

అతను వేలితో తడిమి చూసి ఇంకేం మాట్లాడలేదు. బ్లాస్టింగ్ తుప్పుని తీసేస్తుంది, గుంట అడుగున ఉన్న ఉప్పుని పూర్తిగా తీయదు, కొంత రేకులోకే కొట్టేస్తుంది కూడా. మెరుపు చూసి వెంటనే ప్రైమర్ కొట్టేస్తే ఆ చుక్కలు మనకి కనిపించవు, ప్రైమర్ కింద పుడతాయి.

మూడో ముక్కలో బ్లాస్టింగ్ తర్వాత వేడి డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం, తడి గుడ్డ కప్పి నానబెట్టడం, మళ్లీ కడగడం, సిల్వర్ నైట్రేట్ ట్యూబు తేటగా వచ్చేదాకా ఇదే. కడగడం వల్ల పైన పట్టే పలచటి తుప్పుని తీయడానికి చివర్లో తక్కువ ప్రెషర్‌తో ఒక్కసారి గార్నెట్ ఊదించి, అదే పూట ఎపాక్సీ.

మూడు ముక్కల మీదా బ్లేడుతో రేకు తగిలేలా ఇంటూ గుర్తు గీసి, డోరుని మేడమ్ గారి మేడ మీద సముద్రం వైపు తిప్పి పెట్టాం. వానాకాలం అయ్యేసరికి వైర్ కప్పు ముక్క బుడగలతో నిండిపోయింది. బ్లాస్టింగ్ ముక్కలో గీతల వెంబడి, లోతు గుంటలున్న చోట లేచింది. కడిగిన ముక్కలో గీత పక్కన కొంచెం తుప్పు పాకింది, గీత లేని చోట ఏమీ లేదు. మేడమ్ డోరుని చూసి, "మొదట్నుంచీ కడగమని చెప్పినవాళ్లే లేరండీ, అందరూ గీకమన్నవాళ్లే" అన్నారు.

బాడీ మీద ఏం చేశాం

మొత్తం బాడీకి బ్లాస్టింగ్ కొట్టించాలా వద్దా అన్నది అసలైన నిర్ణయం. కొట్టించేస్తే షెడ్డుకి లాభమే. కానీ పైకప్పు, బానెట్ మీద పరీక్ష తేటగా వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్న పెయింటుని తీయడానికి నాకు కారణం దొరకలేదు. డోర్ల నడుం గీత కింది భాగానికే పని అని గీత గీసుకున్నాం.

సిల్స్ దగ్గర వేరే ఆలోచన. ఫోనుకి తగిలించే చవక కెమెరాని లోపలికి పంపి చూస్తే అడుగున మట్టీ తుప్పు పెచ్చులూ కలిసి గడ్డ కట్టి ఉన్నాయి. రెండు రేకులు అతికిన అంచులు వాచినట్టు విడివడ్డాయి. ఇనుము కంటే తుప్పుకి చోటు కొన్ని రెట్లు ఎక్కువ కావాలి, అతుకు మధ్యలో పుడితే రేకుల్ని విడదీసేస్తుంది. ఆ అతుకు మధ్యలోకి నీళ్లు పంపి కడగడం అవదు, వెళ్లిన నీళ్లు తిరిగి రావు కూడా. అలాంటి చోట రెండే దారులు, స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి అతుకు విప్పడం, లేదా కోసి పారేయడం. బయటి సిల్ కింది భాగం ఇంకెందుకూ పనికిరాదు కాబట్టి రెండు వైపులా కోసేసి కొత్త సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీటు వంచి పెట్టాం. లోపలి రేకు బాగుంది, దాన్ని విప్పి కడిగి ఉంచాం. కోసేముందు డోర్ ఖాళీల్లో అడ్డంగా పైపులు వెల్డు చేసి బాడీని బిగించాలి, లేకపోతే బండి మధ్యలో కుంగి తర్వాత డోర్లు పడవు. పాత షెడ్డుల్లో ఇది మానేసి, చివర్లో డోరు అంచు సుత్తితో కొట్టి సర్దేస్తుంటారు.

కొత్త రేకు పాత రేకు మీద కూర్చునే చోట రెండు వైపులా వెల్డింగ్ తట్టుకునే జింక్ ప్రైమర్ కొట్టాం. ఎపాక్సీ పనికి పొద్దున మంచు ఆరాకే దిగేవాళ్లం. రేకు వేడి ఆ పూట డ్యూ పాయింట్ కంటే, అంటే గాలిలో చెమ్మ మంచుగా పట్టే వేడి కంటే, కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది ఓడల పెయింటర్లు పాటించే లెక్క, విశాఖలో అది కారుకీ పాటించాల్సిందే. సీలెంటు, పుట్టీ రెండూ ఎపాక్సీ మీదే, ఉత్త రేకు మీద కాదు. పుట్టీ చెమ్మ పీలుస్తుంది, దాన్ని ఇనుముకి నేరుగా తగలనివ్వకూడదు. వాటర్ పేపరు పనికి కూడా బోరు నీళ్లు కాకుండా ఆర్‌వో ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించాం, మేస్త్రీ మొదట్లో నవ్వాడు. ఆఖర్న సిల్స్ లోపల కేవిటీ వ్యాక్స్ (మూసిన డబ్బాల లోపలికి కొట్టే మైనపు పూత) కొట్టి, అడుగు రంధ్రాలు తెరిచే ఉన్నాయో లేదో తీగ పెట్టి చూసి వదిలాం.

విడి భాగాలు

అన్ని భాగాలకీ ఒకే మందు పనికిరాదు, ఇక్కడే చాలామంది పాడు చేసుకుంటారు.

డోర్ కీళ్లు, బ్రాకెట్లు, క్లాంపులు, మామూలు నట్లు, ఇవి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కలిపిన నీళ్లలో వేశాం. లీటరుకి 50 నుంచి 100 గ్రాములు, నీళ్లు గోరువెచ్చగా ఉంటే త్వరగా పని చేస్తుంది, ఒక రాత్రి చాలు. నిమ్మ ఉప్పులో క్లోరైడ్ లేదు, బాత్రూము యాసిడ్ బదులు దీన్ని ఎంచుకోవడానికి అదే కారణం. బాత్రూము యాసిడ్ ఆవిరికి షెడ్డులో ఉన్న స్పానర్లు కూడా తుప్పు పడతాయి, మూత తీసి పెట్టిన చోట చూసుకోండి. నానబెట్టి మర్చిపోతే మాత్రం నిమ్మ ఉప్పు కూడా ఇనుముని తింటుంది. తీశాక కడిగి, చాకలి సోడా నీళ్లలో ముంచి, మళ్లీ కడిగి, వేడి గాలితో ఆరబెట్టి వెంటనే ప్రైమరో నూనెనో పట్టించాలి.

గుంటలు లోతుగా పడ్డ బంపర్ బ్రాకెట్ల వంటి దళసరి భాగాలకి ఎలక్ట్రాలిసిస్. చాకలి సోడా కలిపిన నీళ్ల డ్రమ్ము, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు, భాగానికి నెగటివ్, చుట్టూ పెట్టిన పాత ఇనప రేకులకి పాజిటివ్. ఇందులో నాకు నచ్చేది, కరెంటు తుప్పుని వదులు చేయడంతోపాటు క్లోరైడ్‌ని కూడా పాజిటివ్ వైపు లాగుతుంది. సముద్రం అడుగు నుంచి తీసిన ఇనప వస్తువులని మ్యూజియంలవాళ్లు క్షార ద్రావణాల్లో నానబెట్టడం వెనక ఉన్న ఉద్దేశమూ ఉప్పు తీయడమే, అమెరికాలో 2000లో సముద్రం నుంచి పైకి తీసిన హన్లీ జలాంతర్గామిని సోడియం హైడ్రాక్సైడ్ నీళ్లలో ఏళ్లపాటు ఉంచారు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలూ ప్లేట్లూ పెట్టకండి, అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, ఛార్జరు ఆపాకే క్లిప్పులు తీయాలి.

ముందు సస్పెన్షన్‌లో మెలి తిరిగి స్ప్రింగులా పని చేసే టార్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు, హై టెన్సైల్ బోల్టులు, వీటిని యాసిడ్‌లోనూ వేయలేదు, కరెంటూ పెట్టలేదు. ఇలాంటి గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరితే పెళుసెక్కి, ఒకరోజు లోడు మీద ఉన్నట్టుండి విరుగుతుంది. గ్రైండర్ కూడా తగిలించకూడదు, టార్షన్ బార్ మీద అడ్డంగా పడ్డ గీత పగులుకి మొదలు. చేత్తో, మెత్తటి బ్రష్షుతో, కిరసనాయిలు రాసి, పొడవునా రుద్ది, కడిగి, ఆరబెట్టి పెయింటు. గుంట కనిపించిన పట్టీలనీ బోల్టులనీ మార్చేశాం. బ్రేక్ వీల్ సిలిండర్ల గురించి ఆలోచించనే లేదు, కొత్తవి వేశాం.

బంపర్ల మీద మేడమ్‌కీ నాకూ కాస్త వాదన జరిగింది. ఆవిడకి మళ్లీ క్రోమ్ చేయించాలని. క్రోమ్ మీద కనిపించే తుప్పు చుక్కలు నిజానికి పూతలోని సన్నటి బెజ్జాల్లోంచి కింది ఇనుము బయటికి కారడం. అల్యూమినియం ఫాయిల్ ముక్కని నీళ్లలో తడిపి రుద్దితే చాలావరకు పోయాయి, అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. కొన్ని సూది మొన చుక్కలు మిగిలాయి. ప్లేటింగ్ షాపులో పాత పూత యాసిడ్‌లో తీసి, బఫింగ్ పట్టి, రాగి, నికెల్, క్రోమ్ వేస్తారు, ఆ బఫింగ్‌లో అంచులు గుండ్రబడతాయి, పాత బంపరు తన పదును పోగొట్టుకుంటుంది. ఇది ఒరిజినల్ బంపరు, అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, బయట దొరికే కొత్తవాటి రేకు పలచన. ఆ చుక్కలతోనే ఉంచి, వెనక వైపు ఎపాక్సీ కొట్టి, ముందు వ్యాక్స్ పెట్టుకోమన్నాను. మొదట మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

ఇప్పుడెలా ఉంది

ఖర్చు విషయంలో, డిస్టిల్డ్ వాటరూ రసాయనాలూ కలిపినా మొత్తం బిల్లులో చిన్న వాటానే. సమయమే ఎక్కువ పట్టింది, కూలీ లెక్క కడిగే పనిలోనే పెరిగింది. ఆ సంగతి ముందే కస్టమర్‌కి చెప్పాలి, ఎందుకంటే పది మంది కూర్చుని రేకుని నీళ్లతో తుడుస్తుంటే చూసేవాళ్లకి పని జరుగుతున్నట్టు అనిపించదు. ఇప్పుడు తీరప్రాంతం బండి ఏది వచ్చినా ఎస్టిమేటు రాసే ముందు మూడు చోట్ల దూది పెట్టి పరీక్ష చేస్తున్నాం. తుప్పు కనిపించని చోట కూడా ఒకటి చేయాలి, పోల్చుకోవడానికి. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన బండ్లలో చాలావాటికి ఇంత తతంగం అక్కర్లేదు, అక్కడ పరీక్ష తేటగా వస్తే మామూలుగా గీకి, ఎపాక్సీ కొట్టి పంపేస్తున్నాం. వరంగల్ నుంచి వచ్చిన బండికి విశాఖ వైద్యం చేసి బిల్లు వేయడం కూడా న్యాయం కాదు.

మేడమ్ బండి డెలివరీ అయ్యాక వానాకాలాలు గడిచాయి. టార్పాలిన్ తీసేసి గాలి ఆడే గుడ్డ కవరు వేయించాం, నెలకోసారి అడుగు భాగం మున్సిపల్ నీళ్లతో కడిగిస్తున్నారు. డోర్లు, చక్రాల వంపులు, సిల్స్ బాగున్నాయి. ఎడమ వెనక కమాన్ పట్టీని పట్టుకునే హ్యాంగర్ బ్రాకెట్ బాడీకి అతికే చోట మాత్రం సీలెంటు అంచున సన్నటి గోధుమ గీత కనిపించింది. ఆ అతుకుని అప్పుడు విప్పలేదు, విప్పితే డిక్కీ ఫ్లోరు సగం కోయాల్సి వచ్చేది, బయటనుంచి చేసిన పరీక్ష తేటగా రావడంతో వదిలాం. అతుకు లోపల ఏముందో బయటి దూదికి తెలియదు కదా. ఈ చలికాలంలో హ్యాంగర్ దించి, స్పాట్లు డ్రిల్ చేసి విప్పుదామని మేడమ్‌తో అనుకున్నాం. అప్పటిదాకా అక్కడ సీలెంటు తీసేసి, కడిగి, వ్యాక్స్ పెట్టి వదిలాం.